వంశీధర్ కారు

అమీర్‌పేటలో పాఠం చెప్పేవాడికి పాఠం వస్తే చాలదు. ఈ సంగతి అర్థమయ్యేసరికి కృష్ణమోహన్‌కి తల సగం నెరిసింది. మైత్రీవనంలో, గోడల నిండా రంగు కాగితాలు అంటించిన ఒక ఇరుకు గదిలో ఆయన ఏళ్ల తరబడి ఒరాకిల్ అనే కంప్యూటర్ కోర్సు చెప్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు హైటెక్ సిటీలో మెడలో కంపెనీ బిళ్లలు వేసుకుని తిరుగుతున్నారు. ఆయన మాత్రం స్కూటర్ మీద వచ్చి స్కూటర్ మీదే పోయేవాడు. డెమో క్లాసు అయ్యాక పిల్లలు టీ బండి దగ్గర నిలబడి, సారు ఏ బండి ఎక్కుతాడా అని చూస్తారు. సారు స్కూటర్‌ని పక్కకి వంచి, కిక్కు మీద కిక్కు కొడుతుంటే, ఇంత తెలిసినాయనకే గతి ఇది అయితే మన గతేమిటి అనుకుని పక్క ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కుతారు. వాళ్లనీ తప్పుపట్టడానికి లేదు. వాళ్లు కొనుక్కోవడానికి వచ్చింది చదువు కాదు, ఆ చదువు తెచ్చిపెట్టే బతుకు. ఆ బతుకు సారు ఒంటిమీద కనిపించాలి.

అందుకని సొంతంగా ఇన్‌స్టిట్యూట్ పెడదామనుకున్నప్పుడు ఆయన ముందు చూసుకున్నది కంప్యూటర్లు కాదు, కారు. కొత్తది కొంటే చిన్నది వస్తుంది. చిన్న కారు అమీర్‌పేటలో ఎవడి కంటికీ ఆనదు. పాతదైనా పెద్దది కావాలి. పంజాగుట్టలో పాత కార్ల బేరాలు కుదిర్చే జహూర్‌కి ఈ మాట చెబితే అతను నవ్వలేదు. ఇలాంటి మాస్టార్లు అతనికి కొత్త కాదు.

"ఒక బండి ఉంది సార్. నల్ల బెంజి. మస్తు కండిషన్ల ఉన్నది. సగం రేటుకే ఇస్తుండు," అన్నాడు జహూర్. తర్వాత గొంతు తగ్గించాడు. "గని ఒక్క షరతు. గా బండి ఎవరిదో మీకు ఎరికే. ఆయన యాడున్నడో సుత ఇప్పుడు తెలుస్తది. గది మీ కడుపుల్నే పెట్టుకోవాలె."

అమీర్‌పేటలో నల్ల బెంజి అంటే ఒక్కటే. అది వంశీధర్ కారు. విజ్ఞాత కన్సల్టెన్సీ వంశీధర్. ఉద్యోగం గ్యారంటీ అని బోర్డు పెట్టి, కుర్రాళ్ల దగ్గర డబ్బు కట్టించుకోవడమే కాక, వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఉద్యోగం వచ్చాక మిగిలిన డబ్బు కట్టి విడిపించుకోవాలి. ఇది అతనొక్కడే కనిపెట్టిన పద్ధతి కాదు, ఆ వీధిలో చాలామందిది ఇదే పద్ధతి. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివిన చదువంతా తీసుకెళ్లి ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టి, రసీదు కూడా అడక్కుండా ఇంటికొచ్చేవాళ్లు. ఎందుకిచ్చార్రా అంటే, సారు కారు చూడలేదా అనేవాళ్లు. ఒక పొద్దున ఆఫీసుకి తాళం పడింది. బెంగళూరు పారిపోయాడని కొందరన్నారు, దుబాయ్ అని కొందరన్నారు. కుర్రాళ్లు తల్లిదండ్రుల్ని వెంటపెట్టుకుని కొన్నాళ్లు తిరిగారు, పోలీసు కేసు పెట్టారు, ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు పోయారు.

అతను బెంగళూరులోనూ లేడు, దుబాయ్‌లోనూ లేడు. మైత్రీవనం నుంచి ఆటోలో కూచుంటే సరిగ్గా పాట ఒకటి వినేలోగా చేరిపోయే ఎర్రమంజిల్‌లో, బావమరిది గవర్నమెంటు క్వార్టర్‌లో, లుంగీ కట్టుకుని టీవీ చూస్తున్నాడు. గడ్డం పెరిగింది. జహూర్ వెంట వచ్చిన కృష్ణమోహన్‌ని చూడగానే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఎదురుగా వచ్చింది పాఠం చెప్పే మనిషి కదా, ఆ మర్యాద పోలేదు.

"మీలాంటి పెద్దమనిషి చేతిలో పడితే నా కారుకి అంతకన్నా ఏం కావాలి మాస్టారూ," అన్నాడు.

కారు బ్యాంకు అప్పు మీద ఉంది. అప్పు తీరిపోయిందని బ్యాంకు కాగితం ఇవ్వాలి, అది వచ్చాక వంశీధర్ సంతకం పెట్టాలి, అప్పుడు గాని కారు పేరు మారదు. ఈలోగా బండి మీ దగ్గరే ఉంచుకోండి, నేనిక్కడ ఉన్నట్టు మూడో మనిషికి తెలిస్తే మాత్రం సంతకం సంగతి మరిచిపోండి అన్నాడు వంశీధర్, నవ్వుతూనే. కృష్ణమోహన్ తల ఊపాడు. ఊపుతూ మంచం కింద చూశాడు. అక్కడ ఇనప ట్రంకు పెట్టెలు వరసగా ఉన్నాయి.

"పిల్లల సర్టిఫికెట్లు," అన్నాడు వంశీధర్, ఆయన చూపు కనిపెట్టి. "తాళం వేసే ముందురోజు అన్నీ తెచ్చేశా. జాగ్రత్తగానే ఉన్నాయి. కేసు ఒక కొలిక్కి వచ్చాక ఇచ్చేద్దామని."

కృష్ణమోహన్ ఆ మాట విన్నాడు. విని, కారు తాళంచెవులు జేబులో వేసుకుని బయటికి వచ్చాడు.

కారు సంగతి మాత్రం ఒప్పుకోవాలి. తలుపు వేస్తే చప్పుడు కాదు, బీరువా మూసినట్టు మెత్తగా పడుతుంది. అద్దాలు ఎక్కిస్తే అమీర్‌పేట మొత్తం, ఆ హారన్లూ ఆ అరుపులూ, బయటే ఉండిపోతాయి. కృష్ణమోహన్ భార్య వసుమతి మొదటిరోజు ముందు సీట్లో కూచుని, ఏసీ గాలికి చెంగు కప్పుకుని, "ఏంటండీ, మన వీధేనా ఇది?" అంది. ఆయనకి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో ఆమెని స్కూటర్ వెనక తప్ప ఎక్కడా కూచోబెట్టలేదు. కొత్త ఇన్‌స్టిట్యూట్‌కి మెట్ల కింద బోర్డు కట్టారు, బోర్డు కింద బెంజి నిలిపాడు. డెమో క్లాసుకి జనం గది బయట కూడా నిలబడ్డారు. పాఠం ఎప్పటిదే. ఒక్క ముక్క కూడా మారలేదు.

బోర్డు కట్టిన వారంలోనే ఒక సాయంత్రం, కారు దగ్గర ఒక మనిషి కనిపించాడు. బక్కగా, పొడుగ్గా, చొక్కా మీద సిమెంటు మరకలతో. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, గిది వంశీధర్ సారు బండి గద," అన్నాడు.

"ఇప్పుడు నాది. మీరెవరండీ?"

అతని పేరు రాజనర్సయ్య. బోరబండలో ఉంటాడు, స్లాబులకి సెంట్రింగ్ చెక్కలు కొడతాడు. కొడుకు సాయికిరణ్ కంప్యూటర్ సైన్సు డిగ్రీ ఫస్టు క్లాసులో ప్యాసయ్యాడు. అందరిలాగే సర్టిఫికెట్లు తీసుకెళ్లి వంశీధర్ చేతిలో పెట్టాడు. తర్వాత వంశీధర్ దారి వంశీధర్‌ది అయింది. పిల్లవాడు మాత్రం ఊరుకోలేదు, తనంత తానే తిరిగి, పరీక్ష రాసి, పంజాగుట్టలో ఒక కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. సోమవారం చేరాలి. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించాలి.

"పైసలు అడగ సారూ. పోయిన పైసలు పోయినయి. పోరని కాయితాలు ఇస్తె సాలు," అన్నాడు రాజనర్సయ్య. "బండి మీకాడ ఉన్నదంటె, గాయన యాడున్నడో మీకు ఎరికుంటదని వచ్చిన."

మంచం కింద ట్రంకు పెట్టెలు కృష్ణమోహన్ కళ్ల ముందు కదిలాయి. తలుపు తెరిచి, కారెక్కి, ఎర్రమంజిల్ దాకా పోయి, ఒక్క మాట అడిగితే అయిపోయే పని. కానీ కారు ఇంకా వంశీధర్ పేరు మీదే ఉంది.

"నాకేం తెలుసండీ. బ్రోకర్ దగ్గర కొన్నాను. అమ్మినాయన్ని నేను చూడనే లేదు," అన్నాడు.

ఆ మనిషి నమ్మాడు. సందేహించినా బాగుండేది. నమ్మి, తప్పైందని దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూచుని కృష్ణమోహన్ వసుమతితో సంగతి చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆమె మజ్జిగ పోస్తూ విన్నది. అయ్యో పాపం అన్నది. నిజంగానే అన్నది, ఆమె చెడ్డమనిషేం కాదు. తర్వాత, "సంతకం అయ్యాక అడగండి. ఇప్పుడడిగితే, ఎవరికి చెప్పారని వాడు మొరాయిస్తే? పెట్టినదంతా నీళ్లలో పోసినట్టేగా," అంది. ఆయన మనసులో ఉన్న మాటే ఆమె నోట వచ్చింది. అందుకు ఆయనకి ఎంత తేలికనిపించిందంటే, ఇంకో గరిటె మజ్జిగ పోయించుకున్నాడు.

అయినా మర్నాడు వంశీధర్‌కి ఫోన్ చేశాడు. బ్యాంకు కాగితం గురించి అడిగాడు. రెండో మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"ఏం మాస్టారూ, గొంతు అదోలా ఉంది? ఎవరైనా కలిశారా?" అన్నాడు వంశీధర్.

"అబ్బే, ఎవరూ కలవలేదు," అని కృష్ణమోహన్ ఫోన్ పెట్టేశాడు.

రాజనర్సయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి కొడుకుని తీసుకొచ్చాడు. అడగడానికి ఏమీ లేదు, సారు పెద్ద చదువు చదివినవాడు, ఏదైనా దారి చెప్తాడని. సాయికిరణ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తండ్రి కన్నా ఒక అడుగు వెనక నిలబడ్డాడు. కంపెనీవాళ్లని గడువు అడిగితే వారం ఇచ్చారట. అంతకుమించి కుదరదన్నారట. యూనివర్సిటీకి పోతే డూప్లికేట్‌కి నెలలు పడుతుందన్నారట.

"సార్, గీ గల్లీలనే ఒకాయన అచ్చం ఒరిజినల్ లెక్కనే కొట్టిస్తడంట," అన్నాడు కుర్రాడు, నేల చూస్తూ. "నాది దొంగ డిగ్రీ కాదు సార్. నా మార్కులే, నా నంబరే. ఒక్క మార్కు సుత ఎక్కువ వేయించ. అసలుది దొరికినంక దాన్ని చింపేస్త. చేయించాల్నా వద్దా సార్?"

అది అడగాల్సిన ప్రశ్న కాదు, ఆ ప్రశ్నకి ఆయన చెప్పబోయింది చెప్పాల్సిన జవాబూ కాదు. కానీ కృష్ణమోహన్‌కి ఆ క్షణంలో తన మెడ మీద నుంచి ఒక బరువు దిగిపోతున్నట్టు తోచింది. ఈ కుర్రాడి పని ఎలాగోలా జరిగిపోతే, తాను ఎర్రమంజిల్ పోనక్కర్లేదు. ఎవరికీ నష్టం లేదు.

"నీ మార్కులే కదా," అన్నాడు. "అంత పట్టి పట్టి ఎవడు చూస్తాడు?"

సాయికిరణ్ మొహం విచ్చుకుంది. సారే అన్నాడు కదా అని తండ్రి వంక చూశాడు. రాజనర్సయ్యకి ఆ మాటల్లో సగం అర్థమైంది, సగం కాలేదు. పని అవుతుందన్నది మాత్రం అర్థమై, కారుకి అంటిన దుమ్ముని భుజం మీది తువ్వాలతో ఒకసారి తుడిచి మరీ వెళ్లాడు.

కుర్రాడు ఉద్యోగంలో చేరాడు. ఆ సంగతి రాజనర్సయ్య మిఠాయి పొట్లంతో వచ్చి చెప్పిపోయాడు. కృష్ణమోహన్ ఆ పొట్లాన్ని స్టాఫ్ గదిలో పెట్టించాడు, తాను ముట్టుకోలేదు. తర్వాత క్లాసుల హడావుడిలో పడి ఆ మాటే మరిచాడు. మరిచానని అనుకున్నాడు.

బ్యాంకు కాగితం వచ్చింది. ఎర్రమంజిల్ క్వార్టర్‌లో, టీవీ ముందున్న స్టూలు మీద, జహూర్ చూపించినచోటల్లా వంశీధర్ సంతకాలు పెట్టాడు. జహూర్ వాటిని ఊది, మడిచి, సంచిలో పెట్టుకున్నాడు. కారు ఇక కృష్ణమోహన్‌ది. ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఇన్నాళ్లూ దిగమింగిన మాట అప్పుడు అడిగాడు. సాయికిరణ్ అని ఒక కుర్రాడు, బోరబండ. వాడి సర్టిఫికెట్లు కావాలి.

వంశీధర్ ట్రంకు పెట్టె లాగి, కాసేపు వెదికి, ప్లాస్టిక్ కవరులో ఉన్న కట్ట తీసి చేతిలో పెట్టాడు.

"ఇంతేనా మాస్టారూ? దీనికింత మొహమాటం దేనికి? ముందే అడిగితే ముందే ఇచ్చేవాణ్ణిగా," అన్నాడు. "ఒక్క కుర్రాడి కాగితాలు దాచుకుని నేనేం చేసుకుంటాను?"

కృష్ణమోహన్ కవరు పట్టుకుని లేచాడు. జహూర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

నేరుగా బోరబండ పోయాడు. ఆలస్యమైనా అసలు కాగితాలు అందాయి కదా, దొంగవి తీసేసి వీటిని ఫైల్లో పెట్టించుకోవచ్చు అని దారిపొడవునా తనకి తానే చెప్పుకున్నాడు. సందు ఇరుకు, బెంజి సగం దాకానే పోయింది. మిగతాది నడిచాడు. రాజనర్సయ్య ఇంటి ముందు నలుగురైదుగురు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. అతను గడప మీద కూచుని ఉన్నాడు. పనికి పోలేదు.

"పొద్దుగాల్నే పట్కపోయిండ్రు సారూ," అన్నాడు, కృష్ణమోహన్‌ని చూసి లేస్తూ. "కాయితాలు దొంగవంట. యూనివర్సిటీకి పంపి ఇచారణ చేసిండ్రంట. సీలు తప్పున్నదంట. కంపెనోళ్లు కేసు పెట్టిండ్రు. పోరడు ఏడుస్తుండు, నేను సదివిన, నేను సదివిన అని. ఎవలు ఇంటరు?"

కృష్ణమోహన్ చేతిలో కవరు ఉంది. దాచడానికి చోటు లేదు. ఇచ్చాడు.

రాజనర్సయ్యకి చదువు రాదు. కానీ కొడుకు ఫోటో ఉన్న హాల్‌టికెట్‌ని గుర్తుపట్టాడు, డిగ్రీ పట్టా మీది బంగారు రంగు సీలుని గుర్తుపట్టాడు. దాన్ని తెచ్చిన రోజు ఇంటింటికీ తిప్పి చూపించినవాడే అతను.

"యాడ దొరికినయి సారూ?"

కృష్ణమోహన్ సందులో సగం దాకా వచ్చి ఆగిన కారు వంక చూశాడు. ఆ చూపులో రాజనర్సయ్యకి ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో చెప్పడం కష్టం. అతను చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. అడిగి, చెప్పించుకుని, తిట్టే తీరిక ఆ పూట అతనికి లేదు. కొడుకు స్టేషన్లో ఉన్నాడు.

"జర స్టేషన్ దాకా రాండ్రి సారూ," అన్నాడు. "నేను సెప్తె ఇనరు. మీరు సారు. గీ అసలు కాయితాలు ఫలానా కాడికెల్లి తెచ్చిన, పోరడు నిజంగనే సదివిండు అని ఒక్క మాట సెప్పుండ్రి. ఇంకేం అడగ మిమ్మల్ని."

కాదనలేక కారెక్కించుకున్నాడు. రాజనర్సయ్య సీటు మీద తువ్వాలు పరుచుకుని, వెనక్కి ఆనకుండా, అంచు మీద కూచున్నాడు. కవరుని రెండు చేతులతో గుండెకి పట్టుకున్నాడు. ఎర్రగడ్డ దాటింది, అమీర్‌పేట దాటింది. తన బోర్డు కిటికీలోంచి కనిపించి వెనక్కి పోయింది. కృష్ణమోహన్ రాజనర్సయ్య మాటనే తలుచుకుంటున్నాడు. ఫలానా కాడికెల్లి. ఆ ఒక్క మాటలోనే అంతా ఉంది. కేసులో ఉన్న మనిషి ఎక్కడున్నాడో తెలిసి దాచాడు. వాడి కారు చాటుగా కొన్నాడు. ఆ పిల్లవాడికి సరే అన్నదీ తానే. చెప్పడం మొదలుపెడితే కారు కేసులో పోతుంది, కారుతోపాటు బోర్డు పోతుంది, రేపు పొద్దున పిల్లలు టీ బండి దగ్గర చెప్పుకునేది తన కథే. చెప్పకపోతే ఇరవై రెండేళ్ల కుర్రాడు, తాను నిజంగా ప్యాసైన పరీక్షకే దొంగగా మిగిలిపోతాడు. రెండూ స్పష్టంగానే కనిపించాయి. తెలియక చేశానని చెప్పుకోవడానికి దేవుడు ఆయనకి ఏ సందూ వదల్లేదు.

పంజాగుట్టలో పోలీసు స్టేషన్ ముందు రోడ్డు కిక్కిరిసి ఉంది. కారు ఆపాడు. వెనక బస్సు హారన్ కొట్టింది.

"మీరు దిగి లోపలికి పదండి," అన్నాడు కృష్ణమోహన్. "ఇక్కడ ఆపనివ్వరు. నేను బండి ఎక్కడైనా పెట్టి వస్తాను."

రాజనర్సయ్య దిగాడు. తువ్వాలు తీసుకుని, తలుపు మెల్లగా వేయబోయి ఆగాడు.

"వస్తరు గద సారూ?"

"వస్తాను."

వద్దామనే అనుకున్నాడు. అది మాత్రం అబద్ధం కాదు. సందులోకి తిప్పాడు, చోటు దొరకలేదు. అంత పొడుగు బండికి పంజాగుట్టలో చోటెక్కడ దొరుకుతుంది? చుట్టూ తిరిగి మళ్లీ స్టేషన్ ముందుకు వచ్చాడు. రాజనర్సయ్య గేటు దగ్గరే ఉన్నాడు, లోపలికి పోలేదు. చోటు లేదన్నట్టు చెయ్యి తిప్పి చూపించి, కృష్ణమోహన్ ముందుకి పోయాడు. ఇంకో చుట్టు తిరిగాడు. ఏసీ చల్లగా ఉంది. బయటి చప్పుడు ఏదీ లోపలికి రావడం లేదు. ఇలాగే తిరుగుతూ ఉంటే ఈ పూట గడిచిపోతుందని ఒక ఆలోచన వచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది, సిగ్గు కొంచెం దూరం పోయాక తగ్గింది.

ఈసారి వచ్చేసరికి గేటు పక్కనున్న ఒక జీపు వెళ్లిపోయి జాగా ఖాళీ అయింది. ఆ ఖాళీలో రాజనర్సయ్య నిలబడి ఉన్నాడు. కవరు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ చాచి, లోపలికి దూరబోతున్న ఆటోవాణ్ణి అడ్డుకుంటున్నాడు. ఆటోవాడు ఏదో తిడుతున్నాడు. నల్ల బెంజిని చూడగానే రాజనర్సయ్య మొహం తేలికపడింది. పక్కకి తప్పుకుని, రండి రండి అన్నట్టు చెయ్యి ఊపుతూ దారి చూపించాడు.

కారు మొత్తం పట్టేంత చోటుంది. కృష్ణమోహన్ దాన్ని చూశాడు, అతన్ని చూశాడు. ముందు సిగ్నల్ పచ్చగా ఉంది. ఆయన బ్రేకు మీద నుంచి కాలు తీసి, ముందున్న బస్సు వెనకే పోయాడు.